ఖాళీ అయిన ప్రభుత్వ ప్రాంగణం పరిశోధన పార్కుగా మారాలంటే: అమ్మకమా, లీజా? ఏది మేలు?

ప్రభుత్వ కార్యాలయాలు ఖాళీ చేసిన ప్రాంగణాన్ని పక్కనున్న విశ్వవిద్యాలయంతో ముడిపెట్టి పరిశోధన పార్కుగా (విశ్వవిద్యాలయంతో కలిసి పరిశోధన చేసే సంస్థలకు చోటిచ్చే ప్రాంగణంగా) మార్చాలనుకున్నప్పుడు చర్చ సాధారణంగా భవనాల నమూనాలతో మొదలవుతుంది. నిజానికి అంతకంటే ముందు తేలవలసింది భూమి ఎవరి పేరున ఉండాలన్న విషయం.

అమ్మకానికి మంచి ఉదాహరణ అమెరికాలో కేంబ్రిడ్జ్ నగరంలోని వోల్పీ ప్రభుత్వ రవాణా పరిశోధన కేంద్రం. 2017లో కుదిరిన 75 కోట్ల డాలర్ల ఒప్పందం ప్రకారం, ఆ 14 ఎకరాల్లో సుమారు 4 ఎకరాల మీద పక్కనే ఉన్న ఎంఐటీ విశ్వవిద్యాలయం ప్రభుత్వానికి కొత్త భవనం కట్టి ఇచ్చి, మిగిలిన భూమిని తాను తీసుకుంది. ఖజానా మీద భారం పడకుండానే ప్రభుత్వానికి కొత్త కార్యాలయం దక్కింది. అయితే భూమి అంత విలువ పలికే చోట, అంత స్తోమత గల విశ్వవిద్యాలయం ఎదురుగా ఉన్నప్పుడే ఇటువంటి బేరం కుదురుతుంది. ఆ రెండూ లేనిచోట వేలం వేస్తే, స్థలం చివరికి నివాస సముదాయాలు కట్టేవారి చేతికి పోవడానికే అవకాశం ఎక్కువ.

లీజు పద్ధతిలో రాబడి నెమ్మదిగా వస్తుంది, కానీ పట్టు చేజారదు. భూమిని అమ్మరాదన్న వ్యవస్థాపకుల షరతు ఉండటం వల్ల అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 1951లో తన పార్కును దీర్ఘకాలిక లీజుల మీదే ఆరంభించింది. నేడు అది సుమారు 700 ఎకరాల్లో విస్తరించి ఉంది. గడువు దగ్గరపడే కొద్దీ ఆ స్థలం మీద అప్పు పుట్టడం కష్టమవుతుందన్నది ఈ పద్ధతిలోని అసలు లోపం. అయినా, సొంత నిధులు అంతంత మాత్రంగా ఉన్న విశ్వవిద్యాలయం విషయంలో నేను లీజు వైపే మొగ్గుతాను.

ఇక పాత భవనాలను కూల్చాలా, వాడుకోవాలా అన్నదానికి ఒకే సమాధానం లేదు. రసాయన ప్రయోగశాలలో విషవాయువులను లాగే గొట్టాలు పైకప్పు కింద చాలా చోటు ఆక్రమిస్తాయి కనుక, అంతస్తుకూ అంతస్తుకూ మధ్య నాలుగు మీటర్లో, అంతకు మించో ఎత్తు కావాలి; గుమాస్తాల బల్లల కోసం కట్టిన అంతస్తుల్లో అది అరుదుగా దొరుకుతుంది. మెట్ల మీద ఎవరో నడిచిన అదురుకే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులోని బొమ్మ చెదిరిపోవచ్చు. (ఇన్నాళ్లూ ఎవరూ పట్టించుకోని రికార్డు గదులకు ఇక్కడ ఒక మర్యాద దక్కుతుంది: కాగితాల గుట్టల బరువుకు తట్టుకునేలా కట్టిన ఆ నేలలే యంత్రాలకూ పనికివస్తాయి.) అందువల్ల సాఫ్ట్‌వేర్ బృందాలనూ అంకుర సంస్థలనూ పాత గదుల్లోనే కూర్చోబెట్టి, రసాయనాలతో, ద్రవాలతో పనిచేసే తడి ప్రయోగశాలలకు మాత్రమే కొత్త భవనం కట్టడం ఖర్చుకూ కాలానికీ అనువైన పద్ధతి.

ఇన్ని చేసినా, అద్దెకు వచ్చిన సంస్థకు విశ్వవిద్యాలయంతో పని లేకపోతే మిగిలేది మరొక కార్యాలయ సముదాయమే. ఐఐటీ మద్రాస్ రీసెర్చ్ పార్కులో సంస్థలు ఉమ్మడి పరిశోధన, విద్యార్థులకు ఇంటర్న్‌షిప్‌ల వంటి పనుల ద్వారా క్రెడిట్లు (సహకారాన్ని లెక్కగట్టే పాయింట్లు) సంపాదించాలన్న నియమం ఉంది. అటువంటి షరతును లీజు పత్రంలోనే రాయాలి. గదులు నిండి అద్దెలు రావడం మొదలయ్యాక దాన్ని చేర్చడానికి ఏ సంస్థా ఒప్పుకోదు.