కరక్కాయ పొడి, గ్లాసు నీళ్లు, నాలుగు ఊళ్లు

సంక్రాంతి వెళ్లాక బయల్దేరి ఫిబ్రవరి చివరిదాకా నాలుగు ఊళ్లు తిరిగి వచ్చాను. పోచంపల్లి, శ్రీకాళహస్తి, పెడన, పొందూరు. ఒకేసారి కాదు, మధ్యమధ్య హైదరాబాద్ వచ్చి క్లాసులు చెప్పుకుని మళ్లీ బస్సో రైలో ఎక్కడమే. చెట్లనుంచీ వేర్లనుంచీ వచ్చే రంగులు బట్టకి పట్టించడం, దాన్ని నలుగురికీ నేర్పడం నా పని. వారాంతాల్లో వర్క్‌షాపులు పెడతాను. వచ్చినవాళ్లలో సగంమంది చివర్లో అడిగేది ఒకటే, "మేడమ్, ఈ పని తరతరాలుగా చేసే ఊళ్లకి మేమే వెళ్లి చూడాలంటే ఎక్కడికెళ్లాలి, ఎక్కడ ఉండాలి" అని. విడివిడిగా చెప్పీ చెప్పీ ఈసారి మొత్తం రాసేద్దామని కూర్చున్నాను.

ముందు ఒక సంగతి చెప్పాలి, ఎందుకంటే నేను ఏ ఊరినైనా, ఏ గదినైనా చూసే పద్ధతి దానివల్లే మారింది. రెండేళ్ల కింద హైదరాబాద్ శివార్లలో ఒక రిసార్ట్‌వాళ్లు పిలిస్తే పదహారు మందికి బంతిపూల రంగు నేర్పడానికి వెళ్లాను. రంగు నిలవడానికి పటిక పట్టించిన స్కార్ఫులు, రెండు బుట్టల పూలు, అన్నీ సిద్ధం. నీళ్లు మాత్రం వాళ్ల బోరువి. మధ్యాహ్నానికి అందరి స్కార్ఫులూ పసుపు కావలసింది పోయి పాచి రంగుకి తిరిగాయి. ఆ నీళ్లలో ఇనుము ఎక్కువ. ఇనుము తగిలితే పూల పసుపు మసకబారుతుంది, కరక్కాయ అయితే ఏకంగా నల్లబడుతుంది. ఇవన్నీ నాకు తెలుసు, క్లాసులో చెప్తాను కూడా, కానీ ఆ రోజు నీళ్లు చూసుకోలేదు. ఒకావిడ వాళ్లమ్మ పుట్టినరోజుకి ఇద్దామని చేసుకుంటున్న స్కార్ఫు అది, ఆవిడ ముఖం ఇప్పటికీ గుర్తుంది.

అప్పటినుంచి నా సంచిలో చిన్న డబ్బాలో కరక్కాయ పొడి ఉంటుంది. ఎక్కడ దిగినా గ్లాసు నీళ్లు పట్టి చిటికెడు వేసి పది నిమిషాలు చూస్తాను. లేత గోధుమరంగులో ఉండిపోతే ఫరవాలేదు. బూడిద నీలంలోకి తిరిగిందా, ఆ నీళ్లతో రంగుపని చేయను. మీరు రంగులు వేయకపోయినా సరే, ఇలాంటి ఊళ్లకి వెళ్తుంటే ఆ డబ్బా దగ్గరుంచుకోండి.

పోచంపల్లి గురించి తక్కువే రాస్తాను, దగ్గర కాబట్టి అందరూ ఎలాగూ వెళ్తారు. హైదరాబాద్ నుంచి రెండు గంటల లోపే. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే వచ్చినప్పుడు వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇచ్చిన ఊరు, అందుకే భూదాన్ పోచంపల్లి. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామంగా ఎంపిక చేసింది. ఆ తర్వాత ఆదివారాలు రద్దీ బాగా పెరిగినట్టు నాకనిపించింది. కారు దిగడం, మగ్గం ముందు ఫొటో, చీర బేరం, మళ్లీ కారు. నేను మంగళవారం వెళ్లాను, హాయిగా ఉంది. ఇక్కడ చూడాల్సింది మగ్గం కన్నా ముందు జరిగే పని. దారాన్ని ఆసు అనే చట్రం మీద పోసి, డిజైన్ ప్రకారం రబ్బరు పట్టీలతో బిగించి కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి మళ్లీ ముంచడం. ఒక ఇంట్లో ఆ ఆసు పోసే యంత్రం తిరుగుతుంటే అరగంట అలాగే నిలబడి చూశాను. చింతకింది మల్లేశం వాళ్లమ్మ భుజాలనొప్పి చూడలేక తయారుచేసిన యంత్రం ఇది, 2017లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. ఆ ఇంటావిడతో ఒక్కరోజులో చూసి వెళ్లిపోతానంటే, "ఒక్క దినంల ఏం కనవడ్తది అక్కా, కట్టుడు ఒక దినం, అద్దుడు ఒక దినం" అంది. నిజమే. రాత్రి ఉండడానికి ఊళ్లో చోట్లు తక్కువ, నేను వెనక్కి వచ్చేసి మర్నాడు మళ్లీ వెళ్లాను. వీలైతే పుట్టపాక కూడా చూడండి. తేలియా రుమాలు అనే నూనె పట్టించిన నూలు గుడ్డలు నేసే ఊరు. నూనె, ఆముదం కాయల బూడిద నీళ్లు కలిపి దారానికి పట్టిస్తారు, ఆ ఇళ్లలో అడుగుపెట్టగానే నూనె వాసన తెలుస్తుంది. పోచంపల్లి కన్నా ప్రశాంతంగా ఉంది, మాట్లాడే తీరిక ఉంది.

శ్రీకాళహస్తి పని విషయంలో బంగారం, బస విషయంలో తలనొప్పి. ఊరంతా రాహుకేతు పూజకి వచ్చే భక్తులతో నిండి ఉంటుంది కాబట్టి లాడ్జీలు వాళ్ల లెక్కలోనే నడుస్తాయి. తెల్లవారుజామున వచ్చి, పూజ అయ్యాక మధ్యాహ్నానికి ఖాళీ చేసేవాళ్లు వాళ్లకి కావాలి. మూడు రాత్రులు ఉంటానంటే నేను దిగిన చోట కౌంటర్ దగ్గర అబ్బాయి రెండుసార్లు అడిగాడు, నిజంగా మూడా అని. శనివారం రాగానే అద్దె పెంచారు, ముందు చెప్పలేదు. వేడినీళ్లు ఉదయం ఆరుదాకే. గది శుభ్రంగానే ఉంది కానీ కారిడార్‌లో రాత్రి రెండు గంటలనుంచే తలుపుల చప్పుడు. నా సలహా, తిరుపతిలో ఉండి రోజూ బస్సులో వెళ్లిరండి, గంట ప్రయాణం, బస్సులు పుష్కలం. అమావాస్య, ఆదివారం మాత్రం వద్దు.

పని మాటకొస్తే ఇక్కడిది కలంకారీ, బట్టమీద కలంతో బొమ్మలు గీసి రంగులద్దడం. అచ్చులు ఉండవు, అంతా చేత్తోనే. చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో గీసి, వెదురు కలంతో దిద్దుతారు. కలం మొన కాస్త పైన ఉన్నిగుడ్డ చుట్టి దారంతో కట్టేస్తారు, ఆ ఉండలో రంగు నిలుస్తుంది. వేళ్లతో దాన్ని ఎంత నొక్కితే అంత రంగు కిందికి దిగుతుంది. చూడడానికి తేలిక. నేను ఇరవై ఏళ్లుగా గుడ్డతో పనిచేస్తున్నదాన్ని, మొదటి గంటలో ఒక్క గీత కూడా సమంగా రాలేదు, ఒకచోట చుక్క పడుతుంది, ఇంకోచోట ఎండిపోతుంది. నాకు నేర్పిన పెద్దాయన ఏమీ అనలేదు, నా బొటనవేలు పట్టుకుని కొంచెం వెనక్కి జరిపారు. అంతే, గీత సాగింది. 1957లో హస్తకళల కోసం పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో ఇక్కడ శిక్షణ కేంద్రం పెట్టకపోతే ఈ వేలి నేర్పు ఎంతమంది దగ్గర మిగిలేదో అనిపించింది. స్వర్ణముఖి చాలా నెలలు ఎండే ఉంటుంది, కాబట్టి నదిలో బట్టలు ఉతికే దృశ్యం చూద్దామని వెళ్లకండి. తొట్టెల్లో ఉతుకుతున్నారు. రెండు గంటల "కలంకారీ అనుభవం" అని ఎవరైనా అమ్మితే మాత్రం డబ్బులు పెట్టొద్దని గట్టిగా చెప్తాను. పటిక పెట్టాక ఆరాలి, ఉతకాలి, మళ్లీ ఆరాలి, రెండు గంటల్లో తడి గుడ్డ తప్ప చేతికేమీ రాదు. కనీసం మూడు రోజులు.

ఇక పెడన, అచ్చులతో అద్దే కలంకారీ ఊరు. మనసులో మాట చెప్పాలంటే నలుగురిని వెంటబెట్టుకుని వెళ్లాలంటే నేను వెళ్లేది ఇక్కడికే. విజయవాడ నుంచి బందరు బస్సులో రెండు గంటలు, లేదంటే గుడివాడ మీదుగా రైలు, పెడనలో స్టేషనుంది. ఉండడానికి బందరే మేలు, పదే కిలోమీటర్లు. బస్టాండుకి దగ్గర్లో మామూలు లాడ్జిలో దిగాను. ఫ్యాను చప్పుడు చేసేది, దుప్పటి పలచన, కానీ యజమాని "డాబా మీద ఆరేసుకోండమ్మా, ఎవరూ రారు" అని తాళంచెవి ఇచ్చేశారు. నాలాంటివాళ్లకి ఏసీ కన్నా అది పెద్ద సౌకర్యం. కరక్కాయ పొడి వేసిన గ్లాసు పొద్దున్నదాకా అలాగే ఉంది, రంగు మారలేదు. అంతకుముందు ఏడాది ఇదే ఊళ్లో కొత్తగా కట్టిన హోటల్లో దిగితే, తడి గుడ్డల వాసనని రెండోరోజే గొడవపెట్టారు. భోజనానికి మెస్సులు చాలు, పప్పు, గోంగూర, గడ్డపెరుగు. తొక్కుడు లడ్డు కొనడం మర్చిపోవద్దు.

పెడనలో పొద్దున్న ఐదున్నరకే కాలవ దగ్గరకి వెళ్లండి. నేనెన్నిసార్లు వెళ్లినా ఆ గంట మాత్రం వదులుకోను. అద్దకం వేసి రోజుల తరబడి ఆరబెట్టిన తానుల్ని పారే నీళ్లలో పరిచి వదులుతారు. బట్ట నీళ్ల మీద సాగుతుంది, మిగులు రంగు కొట్టుకుపోతుంది. మోకాలి లోతులో నిలబడ్డ ఒకాయన్ని తొట్టెలో ఉతికితే ఏమవుతుందని అడిగాను. "నీళ్లు కదలాలమ్మా. నిలవ నీళ్లలో వేస్తే పోయిన రంగు మళ్లీ బట్టకే అంటుకుద్ది" అన్నారు. నేను వర్క్‌షాపులో అరగంట బొమ్మలేసి చెప్పే పాఠం అది.

తర్వాత షెడ్డులోకి వెళ్లాం. గోనెలు పరిచిన బల్ల, పక్కన రంగు తట్ట. టేకు అచ్చు తట్టలో రెండుసార్లు అద్ది, మూల కలిపి, అరచేతి మడమతో ఒక్క గుద్దు. తీశాక గీత గీతకీ అతుకు కనిపించదు. నల్లరంగు అంటే ఇనుప తుక్కూ బెల్లమూ నీళ్లలో ఊరబెట్టింది. ఆ బట్టకి ముందే కరక్కాయా గేదెపాలూ పట్టించి ఉంటారు కాబట్టి అచ్చు తగిలిన చోటల్లా ఇనుము కరక్కాయతో కలిసి క్షణంలో నల్లబడుతుంది. రిసార్ట్‌లో నా పదహారు స్కార్ఫుల్ని పాడుచేసిన ఇనుమే ఇక్కడ పువ్వు అంచు గీస్తోంది! ఎర్రరంగు మాత్రం అప్పుడే కనబడదు. పటిక నీళ్లు అద్దిన చోటు వెలవెలబోతూ ఉంటుంది, రాగి బానలో అలిజరిన్ అనే ఎర్ర రంగు, జాజి ఆకు వేసి కాచినప్పుడు మెల్లగా ఎర్రదనం పైకొస్తుంది. వెనకటికి అలిజరిన్ బదులు చిరివేరు అనే మొక్క వేరు వాడేవారు. ఆ బాన చుట్టూ మూడు గంటలు నిలబడ్డాను, కళ్లు మండాయి, పొగ. ఒక్క నిమిషం కూడా వృథా అనిపించలేదు.

కొన్ని లెక్కలు. వేసవిలో వెళ్లొద్దు, కాలవలకి నీళ్లు ఆపేస్తారు. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం, ఎండ లేకపోతే పని ఆగిపోతుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి మంచిది. ఒక మధ్యాహ్నం ఖాళీ ఉంటే బందరులో డచ్చివాళ్ల సమాధులు చూడండి. 1611లో ఇంగ్లీషువాళ్లు ఇక్కడ వర్తక స్థావరం పెట్టుకున్నది ముఖ్యంగా ఈ తీరపు బట్టల కోసమే. అన్నిటికన్నా ముఖ్యమైంది డబ్బు సంగతి. ఒక మనిషి బల్ల ఆపి మీకు నేర్పితే ఆ రోజు ఆయన అద్దాల్సిన గజాలు ఆగిపోయినట్టే. నేను ముందే అడిగి, ఆ రోజు ఆదాయానికి రెట్టింపు ఇస్తాను, నా దగ్గరకి వచ్చేవాళ్ల ఫీజులో అది కలిపే తీసుకుంటాను. చీర కొన్నాం కదా, అది చాలదా అనేవాళ్లు ఉన్నారు. చాలదు. చీరకిచ్చింది చీరకే.

చివర పొందూరు, సన్నటి ఖాదీ నూలు వడికే ఊరు. హౌరా రైలు మార్గంలోనే స్టేషనుంది కానీ ప్యాసింజర్లే ఎక్కువ ఆగుతాయి, ఆమదాలవలసలో దిగి ఆటో మాట్లాడుకోవడం తేలిక. బస శ్రీకాకుళంలో. నేను దిగిన చోట నీళ్లు బూడిదరంగుకి తిరిగాయి, కానీ ఇక్కడ నాకు రంగుపని లేదు కాబట్టి పట్టించుకోలేదు. గది పెద్దది, సిబ్బంది మర్యాదస్తులు, పొద్దున్న ఇడ్లీ వేడివేడిగా గదికే తెచ్చారు. నాలుగు ఊళ్లలో సుఖంగా నిద్రపోయింది ఇక్కడే.

పొందూరులో 1949లో పెట్టిన ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఉంది, ముందు అక్కడికి వెళ్లి అడగండి, నేరుగా ఇళ్లలోకి దూరిపోవద్దు. నేను వెళ్లిన ఇంట్లో డెబ్బై దాటిన ఒక అమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. "కూకోమ్మా, తొందరేటి" అని పీట జరిపింది. ఆమె చేతిలో వాలుగ చేప దవడ, ఎండిపోయి పసుపు తిరిగింది, సన్నటి పళ్లు వరసగా. గింజతో ఉన్న పత్తిని రెండు వేళ్ల మధ్య పట్టుకుని ఆ పళ్లతో దువ్వుతోంది. నలక రాలిపోతుంది, పోగులు విడివిడిగా విచ్చుకుని గింజ చుట్టూ సీతాకోకచిలుక రెక్కల్లా నిలబడతాయి. తర్వాత గింజ తీయడం, ఏకడం, వడకడానికి ఏకులు (దూది వత్తులు) చేసి అరటి డొప్పలో దాచడం, ఆపైన రాట్నం. నూరో నంబరు నూలు, అంటే చాలా సన్నటి నూలు, పుట్టేది ఈ దువ్వడంతోనే. నన్నూ దువ్వమంది. నా చేతిలో పోగులు తెగాయి. మళ్లీ ఇచ్చింది. ఐదో గింజకి గానీ రెక్క నిలబడలేదు, అప్పుడు నవ్వింది.

వచ్చేముందు, హైదరాబాద్‌లో పిల్లలకి చూపిస్తాను, ఆ దవడ ఎంతైతే అంత ఇస్తానని అడిగాను. ఇప్పుడు తలుచుకుంటే అడగకుండా ఉండాల్సింది. ఆమె కోప్పడలేదు, దవడని చీరచెంగుతో తుడిచి ఒళ్లో పెట్టుకుంది.

"ఇదిచ్చేస్తే రేపు దేంతో దువ్వుతానమ్మా" అంది.

నోటు పుస్తకం తీసి, అరుగు మీదే కూర్చుని, దాని బొమ్మ గీసుకున్నాను.