జాక్స్‌పి ఏడాది వాడినాక: పార్సర్ మార్చుకోవడం నిజంగా అంత సులువా?

కర్నూలు రాజ్‌విహార్ దగ్గర చిన్న ఆఫీసు మాది. ఆదోని పత్తి వ్యాపారుల బిల్లులు, తూకం చీటీలు అన్నీ ఎక్స్ఎంఎల్ ఫైళ్లుగా మా సర్వర్‌కి వస్తాయి, జావా అప్లికేషన్, టామ్‌క్యాట్ అనే జావా సర్వర్ మీద నడుస్తాది. ముందు పనిచేసినోళ్లు జెర్సెస్ అనే పార్సర్ (ఎక్స్ఎంఎల్ ఫైలు చదివి విడగొట్టే ప్రోగ్రామ్) క్లాస్ పేర్లే కోడ్‌లో యాడ పడితే ఆడ రాసిపెట్టిపోయినారు, ఆ పాత జార్ (జావా లైబ్రరీ ఫైలు) తీసేద్దామంటే సగం ప్రాజెక్టు కంపైలే కాదు. అందుకే అంతా జాక్స్‌పి (ఎక్స్ఎంఎల్ పనులకి జావాలోనే ఉండే ఇంటర్‌ఫేస్) మీదికి మార్చినాం.

జాక్స్‌పి అంటే పార్సర్ కాదు, పార్సర్‌ని తెచ్చి చేతికిచ్చేది. డాక్యుమెంట్‌బిల్డర్‌ఫ్యాక్టరీ అనే దాని క్లాస్‌ని అడిగితే చాలు, వెనకాల ఏ పార్సర్ ఉందో మన కోడ్‌కి పట్టదు. 2002లో జావా 1.4 వచ్చినప్పటి నుంచి జావాతోనే వస్తాంది కాబట్టి పైసా ఖర్చు లేదు. ఈ విషయంలో నాకు చాలా నచ్చింది, మనస్ఫూర్తిగా చెప్తున్నా.

కానీ ఆ పార్సర్‌ని అది ఎట్ల వెతుకుతాదో తెలుసుకోకుండా దిగొద్దు. ముందు సిస్టమ్ ప్రాపర్టీ (జావా మొత్తానికి పెట్టే సెట్టింగు) చూస్తాది, తర్వాత జావా ఫోల్డర్‌లోని జాక్స్‌పి ప్రాపర్టీస్ ఫైలు, తర్వాత జార్‌లలో మెటా-ఇన్ఫ్ సర్వీసెస్ అనే ఫోల్డర్, యాడా దొరక్కపోతే జావాలోనే ఉండేది (అది కూడా జెర్సెస్ నుంచి వచ్చిందే). మేము మొదట సిస్టమ్ ప్రాపర్టీ పెట్టినాం, మా అప్లికేషన్ బాగానే లేచింది, అదే టామ్‌క్యాట్‌లో ఉన్న ఇంకో అప్లికేషన్ మాత్రం ప్రొవైడర్ నాట్ ఫౌండ్ అని పడిపోయింది, ఎందుకంటే ఆ ప్రాపర్టీ జేవీఎం (జావా ప్రోగ్రాములు నడిపేది) మొత్తానికి వర్తిస్తాది, జార్ ఏమో మా అప్లికేషన్ లిబ్ ఫోల్డర్‌లో మాత్రమే ఉంది. ఆ రోజు సాయంత్రం వ్యాపారుల ఫోన్లు ఆగలేదు, చాలా బాధేసింది.

ఇప్పుడు ఫ్యాక్టరీ క్లాస్ పేరు మా కాన్ఫిగ్ ఫైల్లో పెట్టి, ఆ పేరూ క్లాస్‌లోడరూ (క్లాసుల్ని వెతికి తెచ్చేది) ఇచ్చి న్యూఇన్‌స్టాన్స్ అనే మెథడ్ పిలుస్తున్నాం, ఇది జావా 6 నుంచి ఉంది. పక్క అప్లికేషన్ జోలికి పోదు. జావాలో ఉన్నదే చాలనుకుంటే జావా 9 నుంచి న్యూడిఫాల్ట్‌ఇన్‌స్టాన్స్ ఉంది, అది ఈ వెతుకులాట ఏమీ పెట్టుకోదు.

ఇంకొకటి, పార్సర్ మారిస్తే సెక్యూరిటీ సెట్టింగులు మళ్లీ చూసుకోవాల్సిందే. బయటి డీటీడీని (ఎక్స్ఎంఎల్ ఫైలు ఎట్ల ఉండాలో చెప్పే నియమాల ఫైలు) ఆపే యాక్సెస్ ఎక్స్‌టర్నల్ డీటీడీ అనే అట్రిబ్యూట్ జావాలోని పార్సర్‌కి తెలుసు, విడిగా వచ్చే జెర్సెస్‌కి తెలీదు, ఇల్లీగల్ ఆర్గ్యుమెంట్ అని విసిరికొడతాది. దాన్ని ట్రై క్యాచ్‌లో పెట్టి మింగేయొద్దు దయచేసి, డీటీడీని పిలిచే డాక్‌టైప్ లైన్‌నే మొత్తంగా ఆపే ఫీచర్ రెండిట్లోనూ పనిచేస్తాది, అదే పెట్టండి.

డామ్ (ఫైలు మొత్తం మెమరీలోకి చదివే పద్ధతి) తీసి స్టాక్స్ (కొంచెం కొంచెంగా చదివే పద్ధతి) పెట్టాలంటే మాత్రం ఇది సాయం చేయదు, ఆ కోడ్ తిరగరాయాల్సిందే. నా రేటింగ్ 5కి 4. ఆ ఒక్క మార్కు ఎందుకు కట్ చేసినానంటే, ఏదో రిపోర్టు లైబ్రరీ వెంట జెర్సెస్ జార్ వచ్చి లిబ్‌లో చేరితే క్లాస్ పేరు చెప్పకుండా ఫ్యాక్టరీని పిలిచే కోడ్‌కి చెప్పాపెట్టకుండా అదే పార్సర్ అయిపోతాది. మేమైతే సర్వర్ లేచినప్పుడు ఫ్యాక్టరీ క్లాస్ పేరు లాగ్‌లో రాయిస్తున్నాం, పొద్దున రాగానే మొదట చూసేది ఆ లైనే.