బెంగళూరులో మిద్దె మీద సోలార్ పెట్టించేవాళ్లు జాగ్రత్త: ఏప్రిల్ ఎండ చూపించి అమ్ముతున్నారు

హొరమావు, రామమూర్తినగర్, కె.ఆర్.పురం వైపు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో "మనవాళ్లకి స్పెషల్ రేటు" అని సోలార్ మెసేజులు పెడుతున్న మనిషి ఎవరో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. పేరు రాయను. కానీ అతనికి అడ్వాన్స్ ఇచ్చే ముందు దయచేసి ఇది చదవండి. ఇందాకే మా మిద్దె దిగి వెళ్లాడు. నాకు ఇంకా చేతులు వణుకుతున్నాయి.

మాది 30x40 సైటు. మూడు కిలోవాట్ల సిస్టమ్, ఆరు పేనెళ్లు, నాన్నగారి రిటైర్మెంట్ డబ్బు. నెట్ మీటర్ (మనం వాడిన కరెంటు, బయటికి పంపిన కరెంటు రెండూ లెక్కగట్టే మీటర్) వచ్చింది, కేంద్రం ఇచ్చే పీఎం సూర్య ఘర్ సబ్సిడీ 78,000 ఆయన ఖాతాలో పడింది, వాటిలో ఏ తేడా లేదు. తేడా అంతా వచ్చే కరెంటులోనే. రోజుకి 15 యూనిట్లు, నెలకి 450 గ్యారంటీ అన్నాడు. వానాకాలంలో ఎనిమిది, తొమ్మిది వస్తుంటే మబ్బులు అన్నాడు, సరే అనుకున్నాం. జూలై, ఆగస్టుల్లో బెంగళూరు ఆకాశం ఎలా ఉంటుందో తెలిసిందే. ఇప్పుడు జనవరి. మబ్బు తునక లేదు. యాప్‌లో చూస్తే రోజుకి ఐదు యూనిట్లు.

కారణం మిద్దె ఎక్కితే ఎవరికైనా కనిపిస్తుంది. దక్షిణం వైపు పక్కింటి గోడ మా మిద్దె కన్నా రెండంతస్తులు ఎత్తు. అది నిన్న మొన్న లేచిన గోడ కాదు, అతను సైట్ చూడటానికి వచ్చినప్పుడూ అక్కడే ఉంది. అయినా ఆ గోడ పక్కనే ఆరు పేనెళ్లూ బిగించాడు, వైరు ఖర్చు తగ్గుతుందని.

అతను వచ్చింది ఏప్రిల్ నెలాఖరులో, మిట్టమధ్యాహ్నం. ఇక్కడే ఉంది అసలు మోసం. బెంగళూరు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అందుకే ఏటా ఏప్రిల్ 24 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు 18 ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. జీరో షాడో డే అని పిల్లలకి స్కూళ్లలో చూపిస్తారే, అదే. ఆ రోజుల్లో ఎంత ఎత్తు గోడకైనా మధ్యాహ్నం నీడ పాదం దగ్గరే ఉంటుంది. డిసెంబర్‌కి సూర్యుడు దక్షిణానికి వాలిపోతాడు. మధ్యాహ్నం పన్నెండింటికి కూడా 54 డిగ్రీలు దాటి పైకి రాడు. అప్పుడు పది అడుగుల గోడకి ఉత్తరం వైపు ఏడడుగుల పైనే నీడ పడుతుంది, పొద్దునా సాయంత్రం ఇంకా సాగుతుంది. మాది ఇరవై అడుగుల గోడ. సోలార్ వ్యాపారం చేసేవాడికి ఇది తెలియదంటే నేను నమ్మను.

ఈ రోజు పొద్దున పది గంటలకి వచ్చాడు. ఆరింటిలో నాలుగు పేనెళ్ల మీద నీడ పరుచుకుని ఉంది. నాన్నగారు కోప్పడలేదు. "బాబూ, ఈ నీడ సంగతి నువ్వు ముందే చూసి ఉండాల్సింది కదా" అని మాత్రం అన్నారు. ఏప్రిల్‌లో "అంకుల్, మాదీ మదనపల్లె వైపే, మీరు నాకు నాన్నలాంటోళ్లు" అంటూ మా ఇంట్లో కాఫీ తాగిన మనిషి, ఆయన మొహం కూడా చూడకుండా "పెద్దాయనా, ఎండ కాయించేది నేను కాదు. సంక్రాంతి అయిపోయింది, ఇంక సూర్యుడు పైకొస్తాడు, మార్చి దాకా ఆగండి. మీకివన్నీ అర్థం కావు, కిందికి పోయి కూర్చోండి" అన్నాడు.

మా మిద్దె మీద, ఆయన డబ్బుతో కొన్న పేనెళ్ల పక్కన నిలబడి, మా నాన్నగారిని కిందికి పొమ్మన్నాడు. ఆయన ఒక్క మాట అనకుండా మెట్లు దిగిపోయారు. పోయిన యూనిట్ల కన్నా నాకు అదే ఎక్కువ మండుతోంది.

నేను ఫోన్ తీసి అతను పంపిన మెసేజే చూపించాను. మా మిద్దె ఫోటో, మధ్యాహ్నం 12:15కి తీసింది, కింద "షాడో ఫ్రీ రూఫ్" అని అతను రాసిందే. "ఆ రోజు నీడ లేదు కదక్కా, నేను అబద్ధమేం రాయలేదే" అన్నాడు. అంటే అన్నీ తెలిసే రాశాడు! అగ్రిమెంటులో నీడకి బాధ్యత ఇంటివాళ్లదే అన్న లైను ఉందని కూడా చూపించాడు. పేనెళ్లని ఉత్తరం వైపు జరిపి స్ట్రక్చర్ (పేనెళ్లని నిలిపే చట్రం) ఎత్తు పెంచడానికి ఇంకో 40,000 అడిగాడు. మార్చి దాకా ఆగితే ఈ చలికాలపు నీడ తప్పుకుంటుంది, నిజమే. నవంబర్‌కి మళ్లీ వస్తుంది. పాతికేళ్లు ఉండాల్సిన పేనెళ్లకి ప్రతి చలికాలం ఇదే గతి అయితే నష్టం ఎవరిది?

నీడ ఒక పేనెల్ మీదే కదా, మిగతావి పనిచేస్తాయి కదా అని కూడా చెబుతారు. ఒకే వరుసలో వైరు కలిపినప్పుడు అన్నిటిలోనూ ఒకే కరెంటు పారాలి. నీళ్ల పైపు ఒకచోట నొక్కితే మొత్తం ధార తగ్గినట్టు, నీడ పడ్డ పేనెల్ మిగతావాటినీ వెనక్కి లాగేస్తుంది. నీడ పడ్డ భాగాన్ని తప్పించి కరెంటుని పక్కదారి పట్టించే బైపాస్ డయోడ్లు కొంత కాపాడతాయి కానీ ఆ పేనెల్ వాటా మాత్రం పోయినట్టే.

ఇక ఆ 15 యూనిట్ల లెక్క. అది నీడ లేని మిద్దెకి కూడా అబద్ధమే. పేనెల్ మీద రాసిన వాట్లు ల్యాబ్‌లో సోలార్ సెల్ వేడి 25 డిగ్రీలు ఉన్నప్పుడు కొలిచినవి. మన మిద్దె మీద ఏప్రిల్‌లో పేనెల్ 55, 60 డిగ్రీలకి కాలుతుంది, ఒక్కో డిగ్రీకి సుమారు 0.35 శాతం తగ్గుతుంది. దుమ్ము, వైరు, ఇన్వర్టర్ కలిపి ఇంకొంత తింటాయి. అన్నీ పోగా బెంగళూరులో ఏడాది సగటున కిలోవాట్‌కి రోజుకి నాలుగు యూనిట్ల చుట్టుపక్కల వస్తాయి. అంటే మూడు కిలోవాట్లకి పన్నెండు. మార్చి, ఏప్రిల్‌లో వచ్చే లెక్క పట్టుకుని ఏడాది మొత్తానికి చెప్పేస్తున్నారు. "పావగడలో 2,050 మెగావాట్లు పెట్టారు, అక్కడ వచ్చే ఎండ ఇక్కడ రాదా అక్కా" అని కూడా అన్నాడు. పావగడ సోలార్ పార్కు ఉన్నది బయలు భూమిలో. అక్కడ పక్కింటి గోడ లేదు, మిద్దె మీద నీళ్ల ట్యాంకు లేదు.

నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు పెట్టాను. మీరు చేయాల్సింది ఇది: గ్లోబల్ సోలార్ అట్లాస్ అనే వెబ్‌సైట్‌లో మీ ఏరియా లెక్క ఉచితంగా చూసుకోండి, కానీ దానికి మీ పక్కింటి గోడ తెలియదని గుర్తుపెట్టుకోండి. డిసెంబర్‌లో పొద్దున తొమ్మిది నుంచి మూడు దాకా నీడ ఎక్కడ పడుతుందో గీసి, నెలవారీ యూనిట్లు కాగితం మీద రాసి సంతకం చేయమని సోలార్ పెట్టేవాడిని అడగండి. నీడకి బాధ్యత మీదే అన్న లైను ఉంటే కొట్టేయించండి. అడ్వాన్స్ ఇచ్చేసినవాళ్లు స్ట్రక్చర్‌కి కాంక్రీటు పోయకముందే పని ఆపించి, ఈ వారంలోనే పొద్దున పది గంటలకి మిద్దె ఎక్కి చూడండి. జనవరి నీడ ఇంకా పొడుగ్గానే ఉంది.