పండగ ఆఫర్‌లో ఏడాది వీపీఎస్ కొనబోతున్నారా, కాస్త ఆగండి

సంక్రాంతికి ఆఫర్ పెట్టిన ఒక హోస్టింగ్ కంపెనీ గోల ఇది. పేరు రాయను. ఏడాది డబ్బు ముందే కట్టించుకునే చవక వీపీఎస్, అంటే పెద్ద సర్వర్‌లో మనకి అద్దెకిచ్చే ఒక వాటా. అందులో మా అక్క పచ్చళ్ల ఆర్డర్లు తీసుకునే చిన్న నోడ్ (జావాస్క్రిప్ట్) సర్వర్ పెట్టాను. పగలు బాగానే ఉంటుంది. రాత్రి కాసేపు ఎవరూ తాకకపోతే చాలు, ప్రాసెస్ (నడుస్తున్న ఆ ప్రోగ్రాం) మాయం. డల్లాస్ వాళ్లకి సరిగ్గా అప్పుడే ఆవకాయ గుర్తొస్తుంది, పేజీ తెరిస్తే 502 ఎర్రర్. తెల్లారగానే అక్క ఫోను: "ఏరా, మళ్లీ పడుకుందా నీ సర్వరు?"

సపోర్ట్‌ని అడిగితే లాగ్ చూపించమని కూడా అనలేదు. "మీ కోడ్‌లో మెమరీ లీక్ ఉంది సర్, ఎవరైనా మంచి డెవలపర్‌కి చూపించుకోండి" అన్నాడు. ఈ పని చేసుకునే బతుకుతున్నాను నేను! సరే, మంచి డెవలపర్ దొరికేదాకా నేనే చూద్దామని కూర్చున్నా. లీక్ అంటే ప్రోగ్రాం వాడిన మెమరీని తిరిగివ్వకుండా మింగుతూ పోవడం. అలా మెమరీ చాలక కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) చంపితే అది సిగ్‌కిల్ అనే సిగ్నల్, జర్నల్‌లో (సిస్టమ్ లాగ్) 9 అని పడాలి. నా దాంట్లో పడింది 15, సిగ్‌టర్మ్. అంటే ఎవరో ఆగమని చెప్పి మరీ ఆపుతున్నారు. దాని కిందే "డీయాక్టివేటెడ్ సక్సెస్‌ఫుల్లీ" అట, చావు కూడా సక్సెస్సే. సిగ్‌టర్మ్‌తో పోయినదాన్ని సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసుల్ని నడిపేది) ఫెయిల్యూర్ కింద లెక్కెయ్యదు, అందుకే యూనిట్ ఫైల్లో (ఆ సర్వీసు సెట్టింగులు) రీస్టార్ట్‌కి ఆన్-ఫెయిల్యూర్ అని ఉన్నా మళ్లీ లేపలేదు.

ఇంతకీ ఆ సిగ్నల్ పంపేదెవరు? రాత్రి ఎస్‌ట్రేస్ (ప్రాసెస్‌కి వచ్చే సిగ్నళ్లని రాసిపెట్టే టూల్) తగిలించి వదిలేశా. పొద్దున చూస్తే చివర్లో ఒకే లైను: సిగ్‌టర్మ్, కోడ్ ఎస్ఐ-యూజర్ (అంటే కెర్నల్ కాదు, ఏదో ప్రాసెస్ పంపింది), పంపిన పీఐడీ (ప్రాసెస్ నంబర్) 0. ఆ సున్నా చూడగానే ఒళ్లు మండింది. నా వీపీఎస్ ఒక కంటైనర్, అంటే హోస్ట్ అనే అసలు మెషీన్ కెర్నల్‌నే పంచుకునే గది. దాని లోపల ఎవరు కిల్ కొట్టినా వాళ్ల పీఐడీ కనబడాలి. ఒక మామూలు ప్రాసెస్ పంపిన సిగ్నల్‌కి సున్నా వచ్చిందంటే పంపినవాడు బయట, హోస్ట్ మీద ఉన్నాడు. అంటే వీళ్లే.

ఆ లైను స్క్రీన్‌షాట్ తీసి చాట్‌లో పెట్టా. చాలాసేపు "టైపింగ్" అని చూపించి చూపించి, చివరికి ఏమన్నాడో తెలుసా: "అవును సర్, ఫెయిర్ యూసేజ్ పాలసీ ప్రకారం ఖాళీగా ఉన్న ప్రాసెస్‌లు ఆటోమేటిక్‌గా ఆగుతాయి." ఎంత మామూలుగా అన్నాడో! మరి మెమరీ లీక్ ఏమైందయ్యా అంటే జవాబు లేదు, దానికి బదులు "ఆల్వేస్ ఆన్" ప్లాన్ లింకు వచ్చింది, ధర దాదాపు రెట్టింపు. ఫ్రీ ప్లాన్‌లో వాడనప్పుడు నిద్రపుచ్చితే అర్థం ఉంది, హెరోకు అనే హోస్టింగ్ సర్వీసులో ఫ్రీ డైనోలు (యాప్ నడిపే కంటైనర్లు) అరగంట ఖాళీగా ఉంటే పడుకునేవి, ఆ మాట ముందే రాసి ఉండేది, పైగా ఎవరైనా పేజీ తెరిస్తే లేచేవి. వీళ్లది అలా కాదు, డబ్బు తీసుకుని పీక నొక్కి, తప్పు మన మీదకి తోసి, ఊపిరి వేరుగా అమ్ముతారు. రిఫండ్ అడిగితే గడువు దాటిపోయిందట. లీక్ వెతుక్కోమని పంపినప్పుడు దాటిపోక ఏమవుతుంది! నేనూ ఘనుణ్ణే, అక్క దగ్గర "కారుచౌకగా కొట్టేశా" అని గొప్పలు పోయాను.

రీస్టార్ట్‌ని ఆల్వేస్ అని మార్చాను, చచ్చిన ప్రతిసారీ లేస్తోంది. ఇక దాన్ని "దుర్వినియోగం" అని అకౌంట్ ఆపేస్తారేమో చూడాలి.

కొనేవాళ్లు ముందు ఒక్క నెలకే తీసుకోండి. లాగిన్ అవగానే సిస్టమ్‌డీ-డిటెక్ట్-వర్ట్ అనే కమాండ్ కొట్టండి, మీది ఏ రకం వీపీఎస్సో చెబుతుంది. ఎల్ఎక్స్‌సీ అనో ఓపెన్‌వీజెడ్ అనో వస్తే అది కంటైనర్, మీ ప్రాసెస్‌ల పిలక హోస్ట్ చేతిలో ఉన్నట్టే. కేవీఎం (సొంత కెర్నల్ ఉన్న వర్చువల్ మెషీన్) అని వస్తే బయటి నుంచి ఇలా నేరుగా ఒక్క ప్రాసెస్‌కి సిగ్నల్ కొట్టడం మామూలుగా కుదరదు, ఆపితే మెషీన్ మొత్తం ఆపాలి, అది మీకు వెంటనే తెలుస్తుంది.