స్పాలో రెండు ట్రాక్ డేలు, ఇద్దరు నిర్వాహకులు

ఒకే కార్ల పందేల సర్క్యూట్‌లో ఏడాది తేడాతో రెండుసార్లు కారు నడిపాను. ఆ రెండు రోజులకూ ఇంత అంతరం ఉంటుందని అనుకోలేదు. నేను చెబుతున్నది బెల్జియంలోని స్పా-ఫ్రాంకోర్‌షాంప్ గురించి. ఆర్డెన్ కొండల అడవి మధ్య 7.004 కిలోమీటర్ల చుట్టు అది. అన్నిటికన్నా పల్లపు చోటికీ, అన్నిటికన్నా ఎత్తయిన చోటికీ దాదాపు వంద మీటర్ల తేడా. మొదటిసారి సాయంత్రానికి నాకు మిగిలింది తలనొప్పి. రెండవసారి రాత్రి మంచం ఎక్కాక కూడా నా కుడికాలు బ్రేకు కోసం వెతుకుతూనే ఉంది. ట్రాక్ మారలేదు, నా డ్రైవింగూ పెద్దగా మెరుగుపడలేదు. నిర్వాహకులు మారారు.

తెలియనివారికి ఒక మాట. ఒక సంస్థ సర్క్యూట్‌ను రోజంతటికీ అద్దెకు తీసుకుని, అందులో చోటును మనలాంటివారికి అమ్మితే దాన్ని ట్రాక్ డే అంటారు. పోటీ ఉండదు. చుట్టుకు ఎంత సమయం పట్టిందో కొలవడం చాలాచోట్ల నిషేధం, ఎందుకంటే కొలిస్తే అది పందెం కింద లెక్కకు వస్తుందని బీమావాళ్లు పేచీ పెడతారు. దారి ఎవరిదైనా, ఎంతమందిని లోపలికి రానివ్వాలి, ఉదయం వాళ్లకు ఏం చెప్పాలి, మాట వినని వాడిని ఏం చేయాలి అనేవన్నీ నిర్వాహకుల చేతిలోని సంగతులు. మొదటిసారి నేను దీన్ని పట్టించుకోలేదు. ధర చూశాను, తేదీ చూశాను, డబ్బు కట్టేశాను.

నాతో వచ్చిన బావ అయితే ట్రాక్ డేయే అక్కర్లేదన్నాడు. “జర్మనీలో నూర్‌బర్గ్‌రింగ్ ఉందిగా. గేటు దగ్గర టికెట్టు కొంటే ఎవరైనా వెళ్లవచ్చు” అన్నాడు. నిజమే, వెళ్లవచ్చు. నూర్‌బర్గ్‌రింగ్‌లోని పాత దారి, 1927లో తెరిచిన నార్డ్‌ష్లైఫే, 20.832 కిలోమీటర్లు ఉంటుంది. జనానికి తెరిచే వేళల్లో చట్టం దృష్టిలో అది సుంకం కట్టి వెళ్లే ఒకవైపు రోడ్డు. రోడ్డు నిబంధనలే వర్తిస్తాయి, దాటాలంటే ఎడమవైపు నుంచే దాటాలి. ఇంటిల్లిపాదినీ ఎక్కించుకొచ్చిన కారూ, గుర్రుమంటూ వచ్చే పోర్షే కారూ ఒకే దారిలో తిరుగుతాయి. విమానాశ్రయంలో మేము తీసుకున్న అద్దె కారు ఒప్పందంలో ట్రాక్‌ల మీద నడపరాదని రాసి ఉంది, బావ ఆ కాగితం చదవలేదు. ఒక సాయంత్రం బ్రూన్‌షెన్ మలుపు దగ్గర కంచె బయట నిలబడి చూశాం. గంటన్నరలో ప్రమాదాల వల్ల రెండుసార్లు దారి మూసేశారు. కంచె పాడైనా, బండిని లాగించినా ఆ ఖర్చు గుద్దినవాడిదే. తిరుగు ప్రయాణంలో బావ నూర్‌బర్గ్‌రింగ్ పేరెత్తలేదు.

ఇక మొదటి ట్రాక్ డే. ఆ సంస్థ పేరు చెప్పను. వాళ్ల ధర అందరికన్నా తక్కువ. మమ్మల్ని వాళ్లు ఏమీ అడగలేదు, పేరూ కార్డు నంబరూ తప్ప. అప్పుడు అది సౌకర్యంగానే తోచింది. ఉదయం సమావేశంలో ఒకాయన పది నిమిషాలు గబగబా మాట్లాడాడు. వెనక వరుసలో ఉన్న మాకు సగమే వినిపించింది. అందరినీ మూడు జట్లు చేసి, గంటలో ఒక్కో జట్టుకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. కాగితం మీద చూస్తే రోజుకు రెండు గంటల పైమాటే. కానీ ప్రమాదం జరిగి ఎర్ర జెండా ఊపితే అందరూ నెమ్మదిగా పిట్ లేన్‌కు, అంటే గ్యారేజీల ముందున్న దారిలోకి, తిరిగి రావాలి. ఇసుకలో దిగబడిన కారును బయటికి లాగేలోపు ఆ జట్టు సమయం కరిగిపోతుంది. మా ఏడు విడతల్లో నాలుగింటిని ఎర్ర జెండా మింగేసింది. ఒక విడతలో నేను తిరిగినవి సరిగ్గా రెండు చుట్లు. పోయిన సమయం మళ్లీ ఇస్తారా అని అడిగితే, నిబంధనల్లో ఉంది చూసుకోమన్నారు. చూస్తే, ఇవ్వబోమని ఉంది.

మా పక్క గ్యారేజీలో నెదర్లాండ్స్ నుంచి కారును ట్రెయిలరు మీద తెచ్చుకున్న పెద్దాయన ఒకరున్నారు. స్పాలో చుట్టుపక్కల ఊళ్ల కోసం శబ్దానికి హద్దు పెట్టారు, ఆ డెసిబెల్ అంకె రోజును బట్టి మారుతుంది. ఆ రోజు హద్దు ఎంతో నిర్వాహకులు ముందుగా చెప్పలేదు. ఆయన కారు సైలెన్సరు ఆ హద్దు దాటింది. పదిన్నరకల్లా కారును మళ్లీ ట్రెయిలరు ఎక్కించుకుని వెళ్లిపోయారు. అంత దూరం వచ్చి ఆయన నడిపింది మూడో నాలుగో చుట్లు. తేదీ పక్కన డెసిబెల్ అంకె రాయని సంస్థ దగ్గర నేను ఇక చోటు కొనను.

రెండవ సంస్థను వెతికేటప్పుడు ధరను చివరికి నెట్టేశాను. నలుగురికి ఒకే ఉత్తరం రాశాను: ట్రాక్ మీద ఒకేసారి ఎన్ని కార్లుంటాయి, ఎర్ర జెండాకు పోయిన సమయం సంగతేమిటి, శబ్దం హద్దు ఎంత, ఇద్దరు డ్రైవర్లు ఒకే కారును పంచుకోవచ్చా, మేము రాలేకపోతే డబ్బు ఏమవుతుంది. ఇద్దరు ధరల పట్టిక పంపి ఊరుకున్నారు. ఒకరు అన్నిటికీ “ఏమీ ఇబ్బంది లేదు” అని బదులిచ్చారు. ఆ జవాబు చూసి బావ సంబరపడ్డాడు, నాకు మాత్రం గుబులు పుట్టింది. నాలుగవవారు జవాబిచ్చి, ఎదురు ప్రశ్నలు వేశారు. తడి ట్రాక్ మీద ఎప్పుడైనా నడిపారా? ఎడమవైపు స్టీరింగు అలవాటుందా? అద్దె కారైతే ఎవరి దగ్గర తీసుకుంటున్నారు? మొదటి గంటలో పక్క సీటులో ఎవరినీ కూర్చోబెట్టనివ్వం, మీకు సమ్మతమేనా? ధర మొదటి సంస్థకు ఒకటిన్నర రెట్లు. కట్టాను.

వాళ్ల పద్ధతిలో జట్లు లేవు. పిట్ లేన్ రోజంతా తెరిచే ఉంటుంది, ఎవరికి కావాలన్నప్పుడు వాళ్లు వెళ్లి నాలుగైదు చుట్లు తిరిగి వస్తారు. ట్రాక్ మీద కార్ల సంఖ్యకు మాత్రం గట్టి హద్దు. ఎర్ర జెండా పడితే టీ తాగి వస్తాం, మన వాటా అంటూ ఏదీ కరగదు. కొత్తగా మొదలుపెట్టేవారికి జట్ల పద్ధతే మేలని కొందరంటారు, వేగం దాదాపు సమానంగా ఉండేవాళ్లే కలిసి తిరుగుతారు కనుక. అందులో నిజముంది. అయితే అది జట్లను నిజంగా వేగాన్ని బట్టి చేసినప్పటి మాట. మొదటి సంస్థ చేసింది వచ్చిన వరుసలో నంబర్లు పంచడం.

ఉదయం సమావేశం ముప్పావు గంట. ప్రతి జెండానూ చేతిలో పట్టుకుని చూపించారు. దాటడం ఎడమ నుంచే, అదీ ముందువాడు కుడి ఇండికేటరు వేసి దారి ఇచ్చాకే. తర్వాత అందరినీ నిర్వాహకుల కారు వెనక వరుసగా నెమ్మదిగా తిప్పారు. లా సూర్స్ మలుపు దాటి పల్లంలోకి దిగి, ఓ రూజ్ దగ్గర ఒక్కసారిగా కొండలా లేచే రెడియోన్ మలుపును మొదటిసారి నెమ్మదిగా చూస్తే తప్ప దాని నిటారుతనం అర్థం కాదు. పైకి ఎక్కే దాకా అవతల ఏముందో కనిపించదు. అక్కడ కారు తిరగబడి ఆగితే వెనక వచ్చేవాడికి దాన్ని చెప్పేది పసుపు జెండా ఒక్కటే. జెండా పట్టుకున్న మనిషి ఎంత చురుకైనవాడో ఆ చోట తెలుస్తుంది.

ఈ సర్క్యూట్‌కు ఆ పాఠం కొత్త కాదు. 1966లో ఇక్కడి గ్రాండ్ ప్రీ పందెంలో వానలో ఫార్ములా వన్ డ్రైవర్ జాకీ స్టీవర్ట్ కారు అదుపు తప్పి పడిపోయింది. కారుతున్న పెట్రోలు మధ్య ఆయన ఇరుక్కుపోతే, తోటి డ్రైవర్లు స్పానర్లు అడిగి తెచ్చి స్టీరింగు విప్పి బయటకు తీశారు. అప్పటి ట్రాక్ ఊళ్ల మధ్య మామూలు రోడ్ల మీద 14 కిలోమీటర్లు పరుచుకుని ఉండేది. ఇప్పటి పొట్టి దారి 1979లో వచ్చింది. ఆ కథ గుర్తుండి, అంబులెన్సు ఎక్కడుంటుందని సమావేశంలో అడిగాను. చేత్తో చూపించారు, డాక్టరు కూడా లేచి చెయ్యి ఊపారు.

పదకొండింటికి వాన. స్పాలో వాన కూడా ముక్కలుగా పడుతుంది. గ్యారేజీల దగ్గర నేల పొడిగా ఉంటే, పూహోన్ మలుపు దగ్గర అద్దాలు తుడుచుకోవాల్సి వచ్చింది. నా పక్కన కూర్చున్న శిక్షకుడు రెండే మాటలు చెప్పాడు: “దారి రంగు చూడండి. మెరిసే చోట బ్రేకు వద్దు.” ఆ అరగంటకు విడిగా కట్టిన డబ్బు ఆ రోజు ఖర్చులన్నిటిలోకీ బాగా పనికొచ్చింది.

ఇంతలో బావ కెమ్మెల్ దగ్గర తిన్నటి దారిలో ఒక నెమ్మది కారును కుడివైపు నుంచి దాటేశాడు. తర్వాతి చుట్టులోనే నల్ల జెండా. లోపలికి పిలిచి, హెల్మెట్ తీయించి, అరగంట కూర్చోబెట్టారు. మళ్లీ చేస్తే డబ్బు వాపసు లేకుండా ఇంటికి పంపుతామని మర్యాదగానే చెప్పారు. “డబ్బు కట్టినవాళ్లం మనం కదా!” అని బావ నా దగ్గర ఉడుక్కున్నాడు. అతను దాటేసిన ఆ నెమ్మది కారులో ఉన్నది నేనే. ఆ సంగతి అతనికి మధ్యాహ్నం దాకా చెప్పలేదు.

ట్రాక్ మీద నడపడానికే ఇచ్చే అద్దె కారు విషయంలో ఒకటే చెబుతాను, ఒప్పందాన్ని కూర్చుని చదవండి. ప్రమాదం జరిగితే మనం భరించాల్సిన మొత్తం మా కాగితంలో అయిదు వేల యూరోలు. ఇంజను ఎక్కువ తిప్పి పాడు చేస్తే దానికి హద్దే లేదు. ఇనుప కంచెకు తగిలితే వచ్చే బిల్లు ఇందులో కలవదు, అది విడిగా వస్తుంది. ఇవన్నీ రెండవ సంస్థ వాళ్లే ముందుగా ఫోను చేసి చెప్పారు.

బస సంగతి. మొదటిసారి ఫ్రాంకోర్‌షాంప్ ఊళ్లోనే దిగాం. నడిచి వెళ్లేంత దగ్గర, కానీ గది ఇరుకు, రాత్రి తినడానికి పెద్దగా ఏమీ దొరకలేదు. రెండవసారి స్టావ్‌లోలో ఉన్నాం. రాళ్లు పరిచిన వీధులు, పాత మఠం, ఆ మఠంలోనే ఈ సర్క్యూట్ చరిత్ర చెప్పే మ్యూజియం. కారులో పదిహేను నిమిషాలకు మించదు. ఇంకాస్త పెద్ద ఊరు కావాలంటే మాల్మెడీ. నేనైతే మళ్లీ స్టావ్‌లోకే వెళతాను. ముందురోజు మ్యూజియంలో పాత దారి ఫొటోలు చూసినవాడు మర్నాడు కొంచెం ఒళ్లు దగ్గర పెట్టుకుని నడుపుతాడు.

వచ్చే వేసవికి నార్డ్‌ష్లైఫేలో నిజమైన ట్రాక్ డే కోసం ఇంకో సంస్థకు రాశాం. మొత్తం దారిని వాళ్లు మూయించి ఇస్తారు. దరఖాస్తు నాలుగు పేజీలు వచ్చింది. మూడవ పేజీలో ఒక ప్రశ్న: “ఎప్పుడైనా మీకు నల్ల జెండా చూపారా? చూపితే ఎందుకు?”

బావ కలం పట్టుకుని చాలాసేపు ఆ గడి వైపే చూశాడు. “ఇది రాయాలంటావా?”

“రాయి బావా, చోటు సరిపోకపోతే వెనక పేజీ ఉంది” అన్నాను.