హెడ్‌స్కేల్‌తో సొంత మెష్ వీపీఎన్: కొన్నేళ్లు వాడాక

ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) పోర్టు ఇంటర్నెట్‌కి తెరిచి ఉన్న ఏ లైనక్స్ సర్వర్‌దైనా ఒక్కరోజు లాగ్ తీసి చూడండి. రూట్, అడ్మిన్, టెస్ట్ అనే యూజర్ పేర్లతో ఎక్కడెక్కడి బాట్లో పాస్‌వర్డులు కొడుతూనే ఉంటాయి. ఆ గోల వదిలించుకుందామనే నేను మెష్ వీపీఎన్, అంటే మన మిషన్లన్నీ ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకునే ప్రైవేట్ నెట్‌వర్క్, వైపు వచ్చాను. కొన్నేళ్లుగా నా సర్వర్లు, ల్యాప్‌టాప్, ఫోన్ అన్నీ హెడ్‌స్కేల్ అనే ప్రోగ్రామ్ నడిపే మెష్ మీదే ఉన్నాయి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వీపీఎన్‌తో నాకు పెద్దగా పనే పడలేదు. పనంతా దాన్ని నడిపించే కంట్రోల్ సర్వర్‌తోనే. దాని ఆలనాపాలనా చూసే ఓపిక ఉంటేనే దిగండి.

ఈ మెష్‌కి అడుగున ఉన్న వీపీఎన్ వైర్‌గార్డ్. అది 2020లో లైనక్స్ 5.6తో పాటు కెర్నెల్‌లోకి వచ్చేసింది. రెండు మూడు మిషన్లు కలుపుకోవాలంటే అది చాలు, ఇంకేమీ అక్కర్లేదు. మిషన్లు పెరిగితేనే తలనొప్పి. అయిదు మిషన్లు ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడాలంటే 10 లింకులు, పది అయితే 45. కొత్తది ఒకటి చేరిన ప్రతిసారీ మిగతా అన్నింటి కాన్ఫిగ్‌లోనూ దాని పబ్లిక్ కీ రాయాలి. ఈ కీలు పంచే పని టెయిల్‌స్కేల్ అనే కంపెనీ సర్వీసు చేసిపెడుతుంది, కానీ ఆ పంచే సర్వర్, అంటే కంట్రోల్ సర్వర్, వాళ్ల దగ్గరే ఉంటుంది, దాని కోడ్ బయటికి ఇవ్వలేదు. ఆ సర్వర్ బదులు మనమే నడుపుకోగల ఓపెన్ సోర్స్ ప్రోగ్రామే హెడ్‌స్కేల్. క్లయింట్లు మాత్రం టెయిల్‌స్కేల్ వాళ్లవే, మార్చక్కర్లేదు. ఇది దొంగచాటు వ్యవహారమేమీ కాదు, హెడ్‌స్కేల్ మెయింటెయినర్లలో ఒకరు ఆ కంపెనీ ఉద్యోగే.

ఇన్‌స్టాల్ చేయడం ఒక సాయంత్రం పని. డెబియన్ ప్యాకేజీ దొరుకుతుంది, ఒక యామల్ కాన్ఫిగ్ ఫైల్‌లో సర్వర్ యూఆర్ఎల్ రాసి సర్వీస్ స్టార్ట్ చేయడమే. 1 జీబీ ర్యామ్ ఉన్న చిన్న వీపీఎస్ (అద్దె సర్వర్)లో కూడా అది ఉన్న సంగతే తెలియదు. మెలిక హెచ్‌టీటీపీఎస్ దగ్గర పడుతుంది. హెడ్‌స్కేల్ ముందు ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్ సర్వర్ పెడితే వెబ్‌సాకెట్ అప్‌గ్రేడ్ హెడర్లు పంపేలా రాయాలి. క్లౌడ్‌ఫ్లేర్ ప్రాక్సీ వెనక ఇది పని చేయదు, డాక్యుమెంటేషన్‌లోనే ఆ మాట ఉంది, ప్రయత్నించి టైమ్ వృథా చేసుకోవద్దు. కొత్త మిషన్‌ని చేర్చుకోవడానికి వాడే ప్రీ-ఆథ్ కీ గడువు, ఏమీ చెప్పకపోతే ఒక గంటే. పొద్దున తీసిన కీని సాయంత్రం స్క్రిప్ట్‌లో పెడితే చెల్లదు.

అన్నీ కుదిరాక చూడాల్సింది టెయిల్‌స్కేల్ పింగ్. మామూలు పింగ్ కాదు, టెయిల్‌స్కేల్ కమాండ్‌తోనే వచ్చేది. మొదటి జవాబు డెర్ప్ రిలే (నేరుగా దారి లేనప్పుడు మధ్యలో ప్యాకెట్లు అందించే సర్వర్) మీదుగా, తాపీగా వస్తుంది. ఆలోపు రెండు మిషన్లూ తమ బయటి అడ్రసులు ఒకదానికొకటి చెప్పుకుని, యూడీపీ ప్యాకెట్లతో రౌటర్లకు అటూ ఇటూ దారి చేసుకుంటాయి. రెండోదో మూడోదో జవాబు రిలే మాట లేకుండా, అసలు ఐపీ అడ్రస్, పోర్టుతో వస్తుంది. మిల్లీసెకన్లు ఒక్కసారిగా పడిపోతాయి, కమాండ్ తనంతట తానే ఆగిపోతుంది. పది పింగులైనా రిలే మీదే ఉండిపోతే ఏదో ఒక చివర కఠినమైన ఎన్ఏటీ (రౌటర్ చేసే అడ్రస్ మార్పిడి) ఉందనో, యూడీపీ మూసేశారనో అనుమానించాలి. నెట్‌చెక్ అనే కమాండ్ కొడితే ఆ సంగతి బయటపడుతుంది. రిలే 443 పోర్టు మీద నడుస్తుంది కాబట్టి కనెక్షన్ మాత్రం తెగదు, నెమ్మదిస్తుంది అంతే.

ఇక కంట్రోల్ సర్వర్. మన డేటా దాని గుండా పోదు, ప్రైవేట్ కీలు దాని దగ్గర ఉండవు. అది పడిపోయినా అప్పటికే కలిసి ఉన్న మిషన్ల మధ్య మాటలు సాగుతూనే ఉంటాయి. నేను దాన్ని ఆపి అప్‌డేట్ చేసుకుంటుంటే పక్క విండోలో ఎస్ఎస్‌హెచ్ సెషన్ కదలకుండా ఉంటుంది. కొత్త మిషన్ చేరడం మాత్రం ఆ సమయంలో కుదరదు. ఎవరు ఎవరితో మాట్లాడాలన్నది నిర్ణయించేది అదే కాబట్టి, దాంట్లోకి ఎవరైనా చొరబడితే తమ మిషన్‌ని మన నెట్‌వర్క్‌లో కలిపేసుకోగలరు. సొంతంగా నడుపుతున్నాం కాబట్టి భద్రం అనుకునేవాళ్లు ఈ మాట మర్చిపోతుంటారు. మన సర్వర్‌కి ప్యాచ్‌లు వేసేది మనమే, ఆలస్యం చేసేదీ మనమే. ఇంకో జాగ్రత్త. హెడ్‌స్కేల్ ఉన్న మిషన్‌కి ఎస్ఎస్‌హెచ్ దారి మెష్ ఒక్కటే చేస్తే, తాళంచెవి గదిలో పెట్టి బయటినుంచి తలుపేసుకున్నట్టే. దానికి మాత్రం బయటి దారి ఒకటి, కీతో మాత్రమే తెరుచుకునేది, ఉంచాను.

మిగతా సర్వర్లలో 22 పోర్టు బయటికి కనపడకుండా చేయడానికి చాలామంది చెప్పే చిట్కా, ఎస్ఎస్‌హెచ్‌డీ (ఎస్ఎస్‌హెచ్ సర్వర్ ప్రోగ్రామ్) కాన్ఫిగ్‌లో లిజన్ అడ్రస్‌గా 100తో మొదలయ్యే మెష్ ఐపీ ఇవ్వమని. అలా చేయకండి. రీబూట్ అయినప్పుడు ఎస్ఎస్‌హెచ్‌డీ ముందు లేస్తే ఆ ఐపీ ఇంకా పుట్టి ఉండదు. బైండ్ చేయలేక అది ఆగిపోతుంది, మీరు బయటే ఉండిపోతారు. ఎస్ఎస్‌హెచ్‌డీని అన్ని అడ్రసుల మీదా విననిచ్చి, పబ్లిక్ ఇంటర్‌ఫేస్ మీద ఫైర్‌వాల్‌తో మూసేయడం మేలు. మెష్ ఇంటర్‌ఫేస్ నుంచి వచ్చేదాన్ని టెయిల్‌స్కేల్ తన సొంత ఐపీటేబుల్స్ రూల్స్‌తో రానిచ్చేస్తుంది. మరోలా చెప్పాలంటే, మెష్ లోపలి రాకపోకలను యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్‌తో ఎంత బిగించినా ఉపయోగం లేదు, ఎవరు ఎవరిని చేరవచ్చో రాసే హెడ్‌స్కేల్ పాలసీ ఫైల్‌లోనే బిగించాలి. పాలసీ రాయకపోతే అందరూ అందరినీ చేరగలరు. ఫోన్ పోయిందంటే దాంతో పాటు అన్ని సర్వర్ల తలుపులూ పోయినట్టు. అందుకే నా ఫోన్‌కి రెండు వెబ్ సర్వీసులు తప్ప ఏమీ అందవు.

ఒక మిషన్ వెనకున్న మొత్తం సబ్‌నెట్‌ని (లోకల్ నెట్‌వర్క్‌ని) కలుపుకోవాలంటే ఆ మిషన్ దానికి రూట్, అంటే దారి, ప్రకటించాలి, ఐపీ ఫార్వర్డింగ్ ఆన్ చేయాలి, హెడ్‌స్కేల్‌లో దాన్ని ఆమోదించాలి. ఇన్నీ చేశాక ఫోన్‌లో పని చేసి లైనక్స్ ల్యాప్‌టాప్‌లో చేయకపోతే కంగారు పడకండి. లైనక్స్ క్లయింట్ రూట్లను మనం ప్రత్యేకంగా చెప్తేనే తీసుకుంటుంది, యాక్సెప్ట్ రూట్స్ ఆప్షన్ ఇవ్వాలి. డీఎన్ఎస్ సంగతి దీనికి రివర్స్, చెప్పకపోయినా డీఎన్ఎస్ సెట్టింగులుండే రిజాల్వ్ ఫైల్‌లో వేలు పెడుతుంది. సర్వర్లలో నేను దాన్ని ఆపేసి ఉంచాను.

అప్‌గ్రేడ్లే కాస్త చికాకు. వెర్షన్ నంబర్లు 0తోనే మొదలవుతాయి, కాన్ఫిగ్‌లో పేర్లు మారుతుంటాయి. మధ్యలో వెర్షన్లు దాటేసి ఒకేసారి దూకకూడదు, ఒక్కో మెట్టూ ఎక్కాల్సిందే. ప్రతి రిలీజ్ నోట్ చదవాలి. చదివే అలవాటు లేనివాళ్లు టెయిల్‌స్కేల్ వాళ్ల సర్వీసే తీసుకోవడం మంచిది, ఇందులో నామోషీ ఏమీ లేదు. డేటాబేస్ ఎస్క్యూలైట్. అది వాల్ మోడ్‌లో, అంటే మార్పులను ముందు వేరే ఫైల్‌లో రాసుకుంటూ, నడుస్తుంది కాబట్టి ఫైల్ ఒక్కటి కాపీ చేస్తే తాజా మార్పులు అందులో ఉండకపోవచ్చు. ఎస్క్యూలైట్ బ్యాకప్ కమాండే వాడండి, పక్కనున్న నాయిస్ ప్రైవేట్ కీ (హెడ్‌స్కేల్ సర్వర్ సొంత కీ) ఫైల్‌ని కూడా భద్రం చేయండి.

వెబ్ ప్యానెల్ దీంతో పాటు రాదు. బయటివాళ్లు రాసినవి ఉన్నాయి గానీ వాటికి అడ్మిన్ ఏపీఐ కీ ఇవ్వాలి. నెలకోసారి రెండు కమాండ్లు కొట్టే పనికి అంత తాళం ఇంకో ప్రోగ్రామ్ చేతిలో పెట్టడం నాకు నచ్చలేదు, టెర్మినల్‌లోనే కానిచ్చేస్తున్నాను.