కరెంటు అక్కర్లేని త్రాసు: ఆర్‌సీబీఎస్ 5-0-5తో నా .223 తూటాలు

తూటాల్లో పోసే మందు (పౌడరు) తూచే ఈ త్రాసు గురించి నేను చెప్పాలనుకున్నది ముఖ్యంగా ఒక్కటే: దీని సున్నా జరగదు. రాత్రి భోంచేసి కూర్చునే ముందు సరిచూసి పెట్టిన సున్నా, పని ముగించి లేచేటప్పటికీ అక్కడే ఉంటుంది. మధ్యలో ఇల్లు వెచ్చబరిచే ఫర్నేసు ఆన్ అయినా, పక్కన ఫోను మోగినా, గాలి ఎండిపోయి స్వెట్టరు చిటపటలాడినా దానికి పట్టదు. వినడానికి ఇందులో ఏం గొప్ప అనిపిస్తుంది. .223 రెమింగ్టన్ అనే సైజు రైఫిల్ తూటాలు సొంతంగా కట్టుకుంటూ, ఒక సీజనంతా పౌడరును తనే తూచి పోసే ఎలక్ట్రానిక్ డిస్పెన్సరుతో వేగినవాణ్ణి అడగండి, గొప్పే అంటాడు.

త్రాసు ఎంత బరువు దాకా తూస్తుంది, పెట్టెలో ఏమేం వస్తాయి అన్నవి ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వదిలేస్తున్నాను. నా పరిస్థితి మాత్రం చెప్పాలి, నా అభిప్రాయమంతా దాన్నిబట్టే ఏర్పడింది. నేనుండేది కొలరాడో ఉత్తర భాగంలో, సముద్రమట్టానికి దాదాపు 5,000 అడుగుల ఎత్తున. చలికాలంలో గాలిలో చెమ్మ అన్నది ఉండదు. వేసవిలో తెలిసిన ర్యాంచరు పిలిస్తే ఆయన పచ్చికబయళ్లకు వెళ్లి ప్రెయిరీ డాగ్‌లను కొడతాం. పేరు ఎలా ఉన్నా అది ఉడుత జాతి జంతువు. బొరియ మీద నిలబడితే జానెడున్నర ఎత్తు, నాలుగు వేళ్ల వెడల్పు. 300 గజాల అవతల ఆ వెడల్పును కొట్టాలంటే దుకాణంలో కొన్న తూటా ఒకోసారి సరిపోతుంది, ఒకోసారి సరిపోదు. సరిపోని ఆ ఒకోసారి కోసమే ఈ తంటా అంతా.

ఇంకో మాట. హెచ్-1బీ, విద్యార్థి వీసాల మీద ఉన్న మన పిల్లలు ఇది చదివి ఉత్సాహపడకండి. వలసేతర వీసాల మీదున్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. హంటింగ్ లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి, అవి లాయరును అడిగి తెలుసుకోవాలి. నేను గ్రీన్ కార్డు చేతికొచ్చాకే రైఫిల్ కొన్నాను. ఇండియాలో అయితే లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడమే 1959 ఆయుధాల చట్టం కింద నేరం. అక్కడివాళ్లు దీన్ని కథగా చదువుకోండి.

నా రైఫిల్ బరువైన బ్యారెల్ ఉన్న బోల్ట్ యాక్షన్, బ్యారెల్ లోపలి గాడుల మెలిక, అంటే ట్విస్టు, 12 అంగుళాలకు ఒక చుట్టు. ఆ ట్విస్టుకు తూటా కొసన కూర్చునే బుల్లెట్లలో 40 నుంచి 55 గ్రెయిన్లవే (గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు) సరిపడతాయి. నేను ఎక్కువగా 50 గ్రెయిన్ల వీ-మ్యాక్స్ రకం బుల్లెట్ వాడతాను. పౌడరు ఎంత పోస్తానో ఇక్కడ రాయను. నా బ్యారెల్‌కీ నా కేసులకీ (పౌడరు నింపే ఇత్తడి గొట్టాలు) కుదిరిన మోతాదు మీ రైఫిల్లో ప్రమాదకరమైన పీడనం పుట్టించవచ్చు. పౌడరు కంపెనీ పట్టికలో ఇచ్చిన ప్రారంభ మోతాదు దగ్గర మొదలుపెట్టి మెల్లగా పైకి రావడమే పద్ధతి.

ఇక డిస్పెన్సరు సంగతి. కంపెనీ పేరెందుకు, పేరున్నదే. అంకె నొక్కితే గరగరమని పౌడరు పోసి, దగ్గరికొచ్చాక ఒక్కో గింజా రాల్చి, బీప్ అంటుంది. మొదట్లో మురిసిపోయాను. ప్రతి వంద తూటాలకూ గంట మిగిలేది. శరదృతువంతా బాగానే నడిచింది కూడా. చలికాలంలో వేసవి కోసం కొత్త లోడు కట్టడం మొదలుపెట్టాక వచ్చింది చిక్కు. ఒక వారం ఐదు గుళ్లు అర అంగుళంలో పడేవి. అదే మోతాదు అనుకుని కట్టిన తర్వాతి పెట్టె నిలువుగా సాగిపోయేది. అడ్డంగా చెదరడం లేదు, ఒకదాని మీద ఒకటి నిచ్చెన మెట్లెక్కినట్టు పడుతున్నాయి. స్కోపు రింగులు విప్పి మళ్లీ బిగించాను. కేసు మెడ ఎంత గట్టిగా పట్టుకుంటోందో చూశాను. బుల్లెట్ కూర్చునే లోతు మార్చాను. పాపం యాక్షన్ స్క్రూలను కూడా అనుమానించాను. గుండు వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ పెట్టి చూస్తే తేలింది: గ్రూపు (కాగితం మీద పడిన గుళ్ల గుంపు) కుదిరిన రోజు వేగాలన్నీ దగ్గరదగ్గరగా ఉన్నాయి, నిలువుగా సాగిన రోజు ఎక్కువకీ తక్కువకీ మధ్య సెకనుకు 50 అడుగులు దాటుతోంది. ఈ సైజు కేసులో పదో వంతు గ్రెయిన్ పౌడరు తేడాకు వేగం సుమారు 10 అడుగులు మారుతుంది. అంటే తూకంలోనే ఏదో అరగ్రెయిన్ దాకా ఊగుతోంది.

చెక్ వెయిట్లు, అంటే కచ్చితమైన బరువు తెలిసిన దిమ్మలు, తెప్పించాను. 20 గ్రాముల దిమ్మ పెడితే 308.6 గ్రెయిన్లు చూపాలి. మొదట చక్కగా అదే చూపింది. నలభై నిమిషాల తర్వాత అదే దిమ్మకు అంకె మారింది. ఫర్నేసు ఆగాక ఇంకో అంకె. లోపల ఉండేది లోడ్ సెల్, బరువుకు వంగే చిన్న లోహపు ముక్క మీద అంటించిన స్ట్రెయిన్ గేజ్. అది వేడికీ చలికీ కూడా స్పందిస్తుంది. దానికి తోడు మా బేస్‌మెంటులో స్థిర విద్యుత్తు. పౌడరు గింజలు ప్లాస్టిక్ గరాటుకి అంటుకుని వేలాడేవి, పళ్లెం కిందా అదే గోల. గాలి గొట్టం మూతేస్తే కొంత తగ్గింది. బట్టల డ్రయ్యరులో వేసే షీటుతో గరాటు తుడిస్తే ఇంకొంత తగ్గింది. పూర్తిగా పోలేదు. కంపెనీకి ఫోన్ చేస్తే మర్యాదగానే కొత్తది పంపారు. అదీ అలాగే చేసింది.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా మండించింది ఇంకొకటి. ఇలాంటి యంత్రాలు సున్నా దగ్గర జరిగే చిన్న చిన్న మార్పులను తమంతట తామే సర్దేసుకుంటాయి. మనం చేత్తో ఒక్కో గింజ నెమ్మదిగా రాలిస్తే, అది బరువు పెరగడమా లేక తన సున్నా జారడమా అన్నది దానికి తెలియక కొన్నిటిని మింగేస్తుంది. గింజలు పడుతూనే ఉంటాయి, అంకె కదలదు, ఉన్నట్టుండి రెండు మెట్లు ఎగురుతుంది. పట్టికలో గరిష్ఠ మోతాదుకు దగ్గరగా పనిచేసేవాడికి ఇది గ్రూపు చెడటంతో పోయే వ్యవహారం కాదు, కంటి ముందు పేలే పీడనం సంగతి.

ఆ కోపంలో ఊళ్లో గన్ షోలో ఒక ముసలాయన బల్ల మీద కనబడిన ఈ 5-0-5 కొన్నాను. డిస్పెన్సరు ధరలో నాలుగో వంతు కూడా కాలేదు. ఆకుపచ్చ రంగు, అంచుల దగ్గర చెక్కు లేచింది, ఓహాస్ అనే త్రాసుల కంపెనీ వాళ్లు ఆర్‌సీబీఎస్ కోసం చేసిన పాత సరుకు. వార్మింట్ షూటింగుకు (పొలాలు పాడుచేసే చిన్న జంతువుల వేటకు) వాడుతుంటే దీని పుట్టుక గుర్తొచ్చి సరదాగా ఉంటుంది. ఆర్‌సీబీఎస్ అన్న పేరు రాక్ చక్ బుల్లెట్ స్వేజ్ నుంచి వచ్చింది. స్వేజ్ అంటే లోహాన్ని ఒత్తి మలిచే పనిముట్టు. రాక్ చక్ అంటే పడమటి రాష్ట్రాల రాళ్లగుట్టల్లో తిరిగే మార్మట్, అదీ ఉడుత జాతిదే. 1943లో కాలిఫోర్నియాలోని ఓరోవిల్‌లో ఫ్రెడ్ హంటింగ్టన్, యుద్ధకాలంలో మంచి బుల్లెట్లు దొరక్క, వాడి పడేసిన .22 రిమ్‌ఫైర్ కేసులనే బుల్లెట్ల జాకెట్లుగా (పై తొడుగులుగా) మలిచే డైలు (అచ్చులు) చేయడంతో ఆ కంపెనీ మొదలైంది. అంటే ఈ కంపెనీ మొదటి గిరాకీ మనలాంటి వాళ్లదే.

త్రాసులో ఉన్నదేమిటి? ఒక కడ్డీ, దాని కింద కత్తి అంచు, ఆ అంచు ఆనే రాళ్లు, మూడు జారుడు బరువులు, ఊగకుండా ఆపే అయస్కాంతాలు. చిన్నప్పుడు కంసాలి దుకాణంలో గాజు పెట్టెలోని త్రాసు ఎలా పనిచేసేదో ఇదీ అలాగే. ఒక గ్రెయిన్ అంటే సుమారు గురివింద గింజ తూకంలో సగం. మనకు కావలసింది అందులో పదో వంతు. నేనిప్పుడు దూరపు తూటాలకు వాడే వార్గెట్ పౌడరు ఒక గింజ తూకం పదో వంతు గ్రెయిన్‌లో అయిదో వంతు ఉంటుంది. కత్తి అంచు శుభ్రంగా ఉంటే ఆ ఒక్క గింజ పడినా ముల్లు కదులుతుంది, అది కంటికి కనబడుతుంది. మింగేయడం, సర్దుకోవడం ఏమీ లేవు. చెక్ వెయిట్ మొదట పెట్టినా చివర పెట్టినా ఒకటే గీత. ఇది బరువును బరువుతోనే పోలుస్తుంది కాబట్టి వేడెక్కే సర్క్యూటు అంటూ లేదు, అరగంట ముందు ఆన్ చేసి కూర్చోవలసిన పనీ లేదు.

దీంతో కట్టిన మొదటి పెట్టె కాల్చినప్పుడు క్రోనోగ్రాఫ్‌లో ఎక్కువ తక్కువల తేడా సగానికి పైగా పడిపోయింది. నిచ్చెన పోయింది. గ్రూపు గుండ్రంగా వచ్చింది. ఆ సాయంత్రం మా ఆవిడకు కాగితం చూపిస్తే, "ఇన్నాళ్లూ ఆ బీప్ మిషను ఏం చేసినట్టండీ?" అంది. ఆమెకు ఈ వేటంటే ఇష్టం లేదు, శాకాహారి. అయినా లెక్క మాత్రం సరిగ్గా పట్టుకుంది.

ఇక్కడ కొంచెం వెనక్కి తగ్గాలి. అదే రోజుల్లో నేను పౌడరు కూడా మార్చాను. ముందు వాడింది హెచ్335. చిన్న గుండ్రటి గింజలు, కొలతపాత్రలోంచి నీళ్లలా జారుతుంది, కానీ ఎండలో పెట్టిన తూటా వేగం పెంచేస్తుంది. జూలైలో పచ్చికబయలు మీద అది చిన్న విషయం కాదు. మారింది వార్గెట్‌కి. ఆస్ట్రేలియాలోని ముల్వాలాలో తయారవుతుంది, వేడికి అంతగా చలించదు. కాబట్టి గ్రూపులు బాగుపడటంలో త్రాసుది ఎంత వాటా, పౌడరుది ఎంత వాటా అంటే నిక్కచ్చిగా విడదీసి చెప్పలేను. తూకం నిలకడ మాత్రం చెక్ వెయిట్లతో తేలినదే, అది త్రాసు ఘనతే.

సున్నా జరగదు అన్నాను కదా, బల్ల జరిగితే జరుగుతుంది. నేను దీన్ని తూటాలు కట్టే ప్రెస్సు బిగించిన బల్ల మీంచి తీసి, గోడకు కొట్టిన వేరే పలక మీద పెట్టాను. ప్రెస్సు పిడి లాగినప్పుడల్లా కడ్డీ నాట్యం చేసేది. ఫ్యాను గాలికి ఎలక్ట్రానిక్‌దాని కంటే ఇదే ఎక్కువ ఊగుతుంది, అందుకే చుట్టూ అట్టపెట్టె గోడ కట్టాను. ముల్లును పైనుంచి చూస్తే ఒక తూకం, కిందినుంచి చూస్తే ఇంకో తూకం కనిపిస్తాయి. పాత ఫోను ఒకటి ముల్లుకు సరిగ్గా ఎదురుగా నిలబెట్టి, కెమెరా తెరలో చూస్తూ తూస్తాను. ఒక చలికాలం ఉన్నట్టుండి ముల్లు బద్ధకించింది. రెండు గింజలు వేసినా కదలదు, మూడోదానికి గభాలున లేస్తుంది. వెతికితే అయస్కాంతాల మధ్య కంటికి ఆనని ఇనుప రజను పట్టుకుని, మధ్యలో ఊగే రాగి రేకుకు రాసుకుంటోంది. కేసులు శుభ్రం చేసే ఉక్కుపీచు లోంచి రాలిందే. టేపు ముక్కతో అద్ది తీస్తే మళ్లీ మామూలైంది. ఇప్పుడు పని కాగానే మూత పెట్టేస్తాను.

అసలు భయం జారుడు బరువులది. పెద్దది పదేసి గ్రెయిన్ల గాడుల్లో కూర్చుంటుంది. అది గాడిలో సరిగ్గా దిగకపోతే తేడా పదో వంతుల్లో ఉండదు. కూర్చున్న ప్రతిసారీ మోతాదుకు దగ్గరి చెక్ వెయిట్లు పేర్చి చూడకుండా పౌడరు డబ్బా మూత తీయను. ఎలక్ట్రానిక్‌దానిలో ఈ తరహా గండం తక్కువ, ఆ మాట ఒప్పుకోవాలి.

ఇంత కచ్చితత్వం ఎవరికి కావాలి అన్నది వేరే ప్రశ్న. 50 అడుగుల వేగం తేడా 300 గజాల దగ్గర గుండును ముప్పావు అంగుళం అటో ఇటో దించుతుంది. అదే దూరంలో గంటకు 10 మైళ్ల అడ్డగాలి దాన్ని పది పదకొండు అంగుళాలు పక్కకు తోస్తుంది. ఈ బయళ్ల మీద గాలి 10 మైళ్ల దగ్గర ఆగే రోజు అరుదు. గురి తప్పిన గుళ్లలో ఎక్కువ భాగం గాలి ఖాతాలోకే వెళతాయి, త్రాసు అక్కడ చేసేదేం లేదు. 400 గజాలు దాటాక నిలువు తేడా కూడా పెరిగి లెక్కలోకి రావడం మొదలవుతుంది, అక్కడే నాకు దీని విలువ కనబడింది.

అందుకే ఇప్పుడు అన్ని తూటాలూ దీంతో తూయను. ప్రెయిరీ డాగ్ రోజంటే వందల్లో కాల్చే రోజు. అన్నీ గింజలెక్కన తూస్తే నడుం విరుగుతుంది. దగ్గరి దూరాలకు ఇప్పటికీ హెచ్335నే కొలతపాత్రతో పోస్తాను, మధ్యమధ్యలో ఒకటి ఈ త్రాసు మీద సరిచూస్తాను. వాటిని ఎండలో పెట్టను, ఐస్ పెట్టెలో ఉంచుతాను. దూరపు పెట్టె ఒక్కటే, మీద ఎర్ర టేపు అంటించినది, మొత్తంగా 5-0-5 మీద తూచినది.

నాలా పొడి గాలి, ఫర్నేసు గాలి గొట్టం కింద బల్ల, ఏడాదికి ఒక వేసవి వేట ఉన్నవాళ్లు పాతది శుభ్రంగా దొరికితే కళ్లుమూసుకుని కాకపోయినా, కత్తి అంచు చూసుకుని కొనొచ్చు. అంచు మొద్దుబారినా, కడ్డీ వంగినా వద్దు. చెమ్మ ఉన్న ఊళ్లో, ఉష్ణోగ్రత మారని గదిలో పనిచేసేవాళ్లకు నా డిస్పెన్సరు కష్టాలు రాకపోవచ్చు, వాళ్లకు వేగమే ముఖ్యం కావచ్చు. వెయ్యి గజాల పోటీలకు వెళ్లేవాళ్లు ఈ రెండూ వదిలేసి, లోడ్ సెల్ బదులు అయస్కాంత బలంతో సమతూకం చేసే ఏ అండ్ డీ ఎఫ్‌ఎక్స్-120ఐ లాంటిది కొంటున్నారు. అది 0.02 గ్రెయిన్ దాకా చూపిస్తుంది, ధర కూడా అలాగే ఉంటుంది. నాకు కళ్లజోడు నంబరు ఏటా పెరుగుతోంది, కెమెరా తెర కూడా కనిపించని రోజొస్తే నేనూ దానివైపే చూస్తానేమో. ఈ వేసవి వరకు మాత్రం దూరపు పెట్టె దీని మీదే.